తూకము తప్పని శాస్త్రజ్ఞుడు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్ర

ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి వచ్చి, బోదకాలు నివారణకై మాత్రలిచ్చి, తమ యెదుటనే మ్రింగించి పోయిన దినములు తెలంగాణమునందలి పెక్కు గ్రామములవారికి జ్ఞాపకముండును. ఆ మాత్ర పేరు డైఇథైల్ కార్బమజీన్. దానిని 1947లో లోకమునకు అందించిన పరిశోధక బృందమునకు నాయకుడు భీమవరమున పుట్టిన ఒక తెలుగువాడు. మాత్ర మ్రింగినవారిలో ఆయన పేరు విన్నవారు కొలదిమంది. ఆయనయే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు.

మన రామన్నపేట గ్రంథాలయ రజతోత్సవ సంచికలో వారి జీవితమును వ్రాయుటకు మరియొక కారణము కూడ కలదు. సుబ్బారావుగారి కాలమున వెలువడిన మందుల పట్టిక పత్రికలలో అప్పుడప్పుడు వచ్చుచునే యుండును. కాని ఆ మందులన్నిటికి ముందు వారి చేతికి చిక్కిన విద్య యేదో ఆ పట్టికలు చెప్పవు. అది ఉన్నత పాఠశాల విద్యార్థులు రసాయన శాస్త్రమున నేర్చి, పరీక్ష కాగానే మరచిపోవు లెక్కయే. ఏ పదార్థము ఎంత తీసికొనిన ఏ పదార్థము ఎంత వచ్చునో సమీకరణమును బట్టి కట్టు లెక్క అది. సుబ్బారావుగారు ఆ లెక్కను నమ్మిరి. అది తప్పినట్లు తోచినచోట లెక్కను త్రోసివేయక, తాము ఎరుగని దేదో అచ్చట దాగియున్నదని గ్రహించిరి. వారి కీర్తికి మూలము అదియే.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు; తల్లి వెంకమ్మగారు. తండ్రి రెవిన్యూ శాఖలో ఉద్యోగి. అనారోగ్యముచే ఆయన కొలువు ముందుగానే ముగిసెను. ఏడుగురు బిడ్డలు గల ఆ సంసారమునకు రాబడి చాలలేదు. బాలుడైన సుబ్బారావుగారు చదువున మొదట రాణింపలేదు. పదమూడేండ్ల ప్రాయమున, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవచ్చునని యెంచి ఇల్లు విడిచి బయలుదేరిరి. ఇంటివారు పట్టి తెచ్చిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుసార్లు తప్పిరి. మూడవసారి మద్రాసు హిందూ ఉన్నత పాఠశాలనుండి కృతార్థులైరి. ఆ చదువు నిలచుటకు తల్లి పట్టుదలయే ఆధారము. పరీక్ష తప్పిన బిడ్డను ఇంట కూర్చుండబెట్టు తల్లిదండ్రులు ఈ ముక్కను జ్ఞప్తియందుంచుకొనదగును.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరిన పిమ్మట వారికి గణితమునందు ఆసక్తి హెచ్చెను. మనస్సు మాత్రము సన్న్యాసమువైపు లాగుచుండెను. రామకృష్ణ మఠమున చేరదలచిరి గాని, వైద్యము నేర్చి ప్రజలకు సేవచేయుట మేలని అచ్చటివారు హితవు చెప్పిరి. అంతట మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించిరి. ఆ చదువునకు మిత్రులును, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును ధనసహాయము చేసిరి.

వైద్య విద్యార్థిగా నున్నపుడే వారిని పెద్ద దుఃఖము తాకెను. ఇద్దరు సోదరులు కొద్దిదినముల వ్యవధిలో స్ప్రూ అను వ్యాధిచే మరణించిరి. మన వైద్యులు సంగ్రహణి అని పిలుచు జాతికి చెందిన రోగమిది. తిన్న అన్నము ఒంటబట్టదు, విరేచనములు ఆగవు, రక్తము క్షీణించి మనిషి ఎండిపోవును. ఆనాటి పాశ్చాత్య వైద్యమున దానికి నమ్మదగిన మందు లేకుండెను. సుబ్బారావుగారికి సయితము ఆ రోగము సోకగా, ఆయుర్వేద పండితులైన డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సచే కోలుకొనిరి. ఏ పదార్థము లోపించుటచే ఈ రోగము వచ్చుచున్నదను ప్రశ్న అప్పుడు వారి మనస్సున నాటుకొనెను. జవాబు దొరకుటకు పాతికేండ్లు పట్టెను.

గాంధీమహాత్ముని పిలుపు విని వారు ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి పోవుచుండిరి. ఆంగ్లేయుడైన ఆచార్యునికి అది రుచింపలేదు. చదువున లోపము లేకున్నను వారికి ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే లభించెను. అందుచేత మంచి కొలువు దొరకక, లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రము బోధించుచు కాలము గడపిరి. పిదప కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సహాయముతోను, మామగారి చేయూతతోను 1920 తరువాతి తొలి సంవత్సరములలో అమెరికా దేశమునకు ఓడనెక్కిరి. భార్య శేషగిరిగారు స్వదేశముననే యుండిపోయిరి. త్వరలో తిరిగివత్తునని వెళ్ళిన భర్త మరల రాలేదు. ఆ యిల్లాలు చెల్లించిన మూల్యమును చెప్పక ఈ చరిత్రను చెప్పుట న్యాయము కాదు.

బోస్టను నగరమునందలి హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వైద్యమును చదివి డిప్లొమా పొందిరి. పగలు చదువు, రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడుగు కొలువు. ఆ తరువాత అచ్చటి వైద్య కళాశాల జీవరసాయన శాఖలో చేరిరి. ఆ శాఖకు ఆటో ఫోలిన్ పండితుడు అధిపతి. రక్తమునందలి పదార్థములను రంగుల గాఢతనుబట్టి కొలుచు పద్ధతులకు ఆయన ప్రసిద్ధుడు. అచ్చటనే సైరస్ ఫిస్కె అను ఆచార్యునితో కలిసి సుబ్బారావుగారు పనికి పూనుకొనిరి. వారి ముందున్న ప్రశ్న ఇది: చెంచాడు రక్తములో భాస్వరము ఎంత గలదో తెలిసికొనుట ఎట్లు? భాస్వరము మన ఎముకలలోను, కండరములలోను, రక్తములోను కలదు. కాని దానిని త్రాసున వేసి తూచుటకు చెంచాడు రక్తమున లభించునది అత్యల్పము.

వారు ఈ చిక్కును విప్పిన తీరు తెలియుటకు మనము మొదట తాంబూలము దగ్గరకు పోవలెను.

ఒక తాంబూలమునకు రెండు తమలపాకులు, ఒక వక్క అనుకొందము. పెండ్లియింట నూరు ఆకులు, ముప్పది వక్కలు ఉన్నవి. ఎన్ని తాంబూలములగును? ముప్పది మాత్రమే. నలుబది ఆకులు మిగిలిపోవును. ఆకులు ఎన్ని తెచ్చి పోసినను వక్కలు పెరుగనిదే తాంబూలములు పెరుగవు. కాబట్టి పంచిన తాంబూలములను లెక్కించినవాడు, వక్కల సంచి చూడకయే వక్కలెన్నియో చెప్పగలడు. రసాయన సంయోగమందును ఇట్లే. ఏ పదార్థము ముందుగా అయిపోవునో అదియే ఫలమునకు హద్దు గీయును.

ఇక తూకము సంగతి. ఆకు రెండు గ్రాములు, వక్క మూడు గ్రాములు తూగుననుకొందము. అంగడివాడు మనకు 600 గ్రాముల వక్కలు తూచి యిచ్చెను. వానికి ఆకులెన్ని తూచవలెను? తూకమును తూకముతో పోల్చి లాభము లేదు. మొదట తూకమునుండి లెక్కకు పోవలెను: 600 గ్రాములనగా 200 వక్కలు. పిదప నిష్పత్తి పట్టవలెను: 200 వక్కలకు 400 ఆకులు. కడపట లెక్కనుండి మరల తూకమునకు రావలెను: 400 ఆకులు 800 గ్రాములు. ఈ మూడు మెట్లే రసాయన శాస్త్రజ్ఞుని లెక్కకును మెట్లు.

అణువులు వక్కలవలె చేతికందవు. కావున శాస్త్రజ్ఞులు ఒక పెద్ద లెక్కను ప్రమాణముగా పెట్టుకొనిరి. మనము డజను అనినట్లు వారు మోల్ అందురు. ఆరు ప్రక్కన ఇరువదిమూడు సున్నలు చేర్చిన సంఖ్యకంటె కొంచెము హెచ్చు అది. ఒక పదార్థము యొక్క అణుభారమెంతయో అన్ని గ్రాములు తూచినచో అందు సరిగా ఒక మోల్ అణువులుండును. సున్నపురాయి అణుభారము 100. దానిని బట్టీలో కాల్చినచో ఒక్కొక్క అణువునుండి ఒక సున్నపు అణువును, ఒక బొగ్గుపులుసు వాయువు అణువును వచ్చును. సున్నపు అణుభారము 56, వాయువుది 44. రెండును కలిసి నూరే. స్వచ్ఛమైన రాయి 25 క్వింటాళ్ళు బట్టీలో వేసి పూర్తిగా కాల్చిన 14 క్వింటాళ్ళ సున్నము దిగును. 11 క్వింటాళ్ళు కంటికి కనబడకుండ గాలిలో కలియును. అంతకు మించి ఏ పనివాడును దింపలేడు. ఇట్లు రెండువైపుల పరమాణువులు సరిపోవునట్లు వ్రాసినదే తుల్య సమీకరణము.

ఇప్పుడు ఫిస్కె, సుబ్బారావుగార్ల పరిశోధనశాలకు మరల పోవుదము. మాలిబ్డినమను లోహపు లవణమును ఆమ్లముతో కలిపి, భాస్వరము గల ద్రవములో పోసినచో, ఒక్కొక్క భాస్వర పరమాణువు చుట్టు పన్నెండు మాలిబ్డిన పరమాణువులు చేరును. ఒక వక్కకు పన్నెండు ఆకులన్నమాట. దానికి మరియొక ద్రవ్యమును తగుపాళ్ళలో చేర్చగా చక్కని నీలిరంగు పొడసూపును. మాలిబ్డినమును కావలసినదానికంటె హెచ్చుగా పోయుట ఇందలి కిటుకు. ఆకులు సమృద్ధిగా నున్నపుడు తాంబూలముల లెక్కయే వక్కల లెక్కయగును గదా! అట్లే మాలిబ్డినము సమృద్ధిగా నున్నపుడు నీలిరంగు గాఢతయే భాస్వరపు కొలతయగును. భాస్వరము ఇంత గలదని ముందే తెలిసిన ద్రవమును ప్రక్కన పెట్టి, రెండింటి రంగులను వర్ణమాపక యంత్రమున సరిపోల్చి, తెలియని దానిని తెలిసికొనిరి. ఈ పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఫిస్కె–సుబ్బారావు పద్ధతియని ఇది నేటికిని శాస్త్ర గ్రంథములలో నిలచియున్నది. ఇరువదవ శతాబ్దమున ఇతర శాస్త్రజ్ఞులు మిక్కిలి తరచుగా పేర్కొనిన వ్యాసములలో అదియొకటి.

రక్తముతో పని చక్కగా సాగెను. కాని కండరము వంతు వచ్చినపుడు చిక్కు కలిగెను. మామూలు భాస్వర ద్రవములో నీలిరంగు కొలది నిమిషములలో పూర్తిగా విచ్చుకొని నిలచిపోవును. కండరమునుండి తీసిన ద్రవములో అట్లు నిలువలేదు. మొదట లేతగా వచ్చి, కాలము గడచిన కొలది ముదురుచు పోయెను. ఏ నిమిషమున చూచినను వేరు లెక్క. ఇట్టి సమయమున పని తొందరలో నున్నవాడు, ఏదో మలినము అడ్డుపడినదని తలచి, ఒక నిర్ణీత నిమిషమున రంగు చూచి లెక్క వ్రాసికొని ముందుకు సాగిపోవును. అట్లు చేసియుండిన వారి పద్ధతికి లోటు వచ్చెడిది కాదు. పేరునకు భంగము కలిగెడిది కాదు. కాని ఒక గొప్ప సత్యము వారి చేతిలోనుండి జారిపోయెడిది.

వారట్లు చేయలేదు. మాలిబ్డినము సమృద్ధిగా నున్నది; రంగు తెచ్చు ద్రవ్యమును సమృద్ధిగా నున్నది. అయినను రంగు పెరుగుచున్నది. వక్కలు పెరుగనిదే తాంబూలములు పెరుగవు. కాబట్టి ఆ గాజుపాత్రలోనే, వారి కన్నుల యెదుటనే, ఎచ్చటినుండియో క్రొత్త భాస్వరము విడుదలయగుచుండవలెను. అనగా కండరమున భాస్వరమును పట్టియుంచుకొనిన ఒక సుకుమారమైన పదార్థము గలదు. ఆమ్లము తగులగానే అది నెమ్మదిగా విడిపోవుచున్నది. అంతకుముందు పండితులు దానినంతయు విడిగానున్న భాస్వరామ్లమే యనుకొని మోసపోయిరి.

ఆ పదార్థము విడిపోవునపుడు భాస్వరామ్లముతోపాటు మరియేమి వచ్చుచున్నదని వెదకగా, కండరములలో నుండునని చిరకాలమునుండి తెలిసిన క్రియాటిన్ అను పదార్థము దొరకెను. దొరకినంత మాత్రమున చాలదు. కండరమున పెక్కు పదార్థములు కలిసియుండును. ఒకచోట కనబడిన రెండు వస్తువులు ఒకే యింటివని చెప్పుటెట్లు? ఇచ్చటనే నిష్పత్తి సాక్ష్యము పలికెను. విడుదలయైన భాస్వరమును, విడుదలయైన క్రియాటిన్‌ను వేరువేరుగా కొలిచి మోల్‌ల లెక్కకు మార్చగా రెండును సమానముగా వచ్చెను. ఒక మోల్‌కు ఒక మోల్. కావున అవి ఒకే అణువు యొక్క రెండు భాగములని తేలెను. ఆ అణువునకు ఫాస్ఫోక్రియాటిన్ అని పేరు పెట్టిరి. దానిని సున్నపు జాతి లవణ రూపమున శుద్ధముగా వేరుచేసి కూడ చూపిరి.

ఈ లెక్కను చదువరులు తామే సరిచూచుకొనవచ్చును. ఫాస్ఫోక్రియాటిన్ అణుభారము 211. అది నీటితో కలిసి విడిపోవును. నీటి అణుభారము 18. రెండును కలిసి 229. ఫలముగా వచ్చు క్రియాటిన్ 131, భాస్వరామ్లము 98. కూడినచో 229 యే. ఇక నీలిరంగును బట్టి 62 మిల్లిగ్రాముల భాస్వరము విడుదలయైనదని తెలిసెననుకొందము. భాస్వరపు పరమాణుభారము 31. కావున అది రెండు మిల్లిమోల్‌లు. ఒకటికి ఒకటి నిష్పత్తి గనుక క్రియాటిన్ సయితము రెండు మిల్లిమోల్‌లే రావలెను. అనగా 262 మిల్లిగ్రాములు. మొదట నుండిన ఫాస్ఫోక్రియాటిన్ 422 మిల్లిగ్రాములు. తాంబూలపు లెక్కలోని మూడు మెట్లే ఇందును గలవు.

కండరము పనిచేసినపుడు ఈ పదార్థము తరుగుననియు, విశ్రాంతి పొందినపుడు మరల నిండుననియు వారు కనుగొని 1927లో ప్రకటించిరి. ఆ సంవత్సరముననే ఇంగ్లండున ఎగిల్‌టన్ దంపతులు కూడ ఇట్టి పదార్థము జాడను ప్రకటించిరి. అంతవరకు కండరముల బలమునకు లాక్టిక్ ఆమ్లమే మూలమని పెద్ద పండితులు నమ్మియుండిరి; ఆ రంగమున కృషికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమానము కూడ ఇయ్యబడెను. ఫాస్ఫోక్రియాటిన్ వెలువడిన పిమ్మట ఆ సిద్ధాంతమునకు పునాదులు కదలెను.

1929లో ఫిస్కె, సుబ్బారావుగార్లు కండరమునుండి మరియొక పదార్థమును వేరుచేసిరి. అదే సంవత్సరమున జర్మనీ దేశమున లోమన్ అను శాస్త్రజ్ఞుడును దానిని స్వతంత్రముగా కనుగొనెను. దాని పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, క్లుప్తముగా ఏ.టి.పి. ఇందును నిష్పత్తియే దారి చూపెను. ఒక మోల్ ఏ.టి.పి.ని పూర్తిగా విడగొట్టినచో ఒక మోల్ అడినిన్, ఒక మోల్ రైబోస్ అను చక్కెర, మూడు మోల్‌ల భాస్వరామ్లము వచ్చును. తూకము చూడుడు: ఏ.టి.పి. 507, నాలుగు అణువుల నీరు 72, మొత్తము 579. ఇటు అడినిన్ 135, రైబోస్ 150, భాస్వరామ్లము మూడు తొంబది యెనిమిదులు 294, మొత్తము 579. నాగలి పట్టిన రైతు భుజములోను, బావిలో చేదవేయు ఇల్లాలి చేతిలోను, ఈ పుట చదువుచున్న వారి కంటిలోను ఈ క్షణమున శక్తిని అందించుచున్నది ఈ పదార్థమే. జీవకోటి యంతటికిని ఇది చెలామణి నాణెము వంటిది.

1930లో వారికి పిహెచ్.డి. పట్టము లభించెను. అయినను హార్వర్డు విశ్వవిద్యాలయము వారికి స్థిరమైన ఆచార్య పదవి నీయలేదు. తమ గొప్ప చాటుకొనుట వారికి చేతకాని విద్య. 1940లో వారు న్యూయార్కు రాష్ట్రమునందలి పెర్ల్ రివర్ గ్రామములోని లెడర్లీ పరిశోధనశాలలకు వెళ్ళి, అచ్చట పరిశోధనలకు అధిపతియైరి. సోదరుల మరణమునాటి ప్రశ్నకు జవాబు వెదకుటకు కావలసిన సాధన సంపత్తి అప్పుడు చేతికి వచ్చెను.

కాలేయములో రక్తమును వృద్ధిచేయు పదార్థమేదో గలదని అప్పటికే తెలిసియుండెను. దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు. వారి బృందమువారు కాలేయమునుండి దానిని వేరుచేసిరి; సూక్ష్మజీవులను పెంచిన ద్రవమునుండి అట్టిదే మరియొక పదార్థమును తీసిరి. రెండును ఇంచుమించు ఒకే తీరున పనిచేయుచున్నను ఒకటి కావు. వానిని విడగొట్టి చూడగా కాలేయపు పదార్థము ఒక మోల్‌నుండి ఒక మోల్ గ్లుటామిక్ ఆమ్లమును, రెండవదానినుండి మూడు మోల్‌లును వచ్చెను. ఫోలిక్ ఆమ్లపు అణుభారము 441. అందునుండి వచ్చు గ్లుటామిక్ ఆమ్లము 147. మూడు భాగములు గల ఆ అణువు ఆకృతి ఇట్లు తేటపడెను. విడగొట్టుట తెలిసినవారికి కూర్చుట సాధ్యమయ్యెను. 1945లో వారు ఫోలిక్ ఆమ్లమును పరిశోధనశాలలోనే తయారుచేసిరి. చిటికెడు పదార్థమునకై రాశులకొలది కాలేయమును ఉడికింపవలసిన అగత్యము తీరెను. వెంటనే అది కొన్ని రకముల రక్తహీనతకును, స్ప్రూ వ్యాధికిని మందుగా ఉపయోగింపబడెను. సోదరుల నిద్దరిని బలిగొనిన రోగమునకు మందు సుబ్బారావుగారి చేతిమీదుగనే లభించెను. నేడు మన ఆరోగ్య కేంద్రములలో గర్భిణీ స్త్రీలకు ఇనుముతో కలిపి ఇచ్చు మాత్రలో నున్నది ఈ ఫోలిక్ ఆమ్లమే.

అణువు ఆకృతి తెలిసిన పిమ్మట దానిని కొంచెము మార్చి, దానికి ప్రతికూలముగా పనిచేయు పదార్థములను కూడ ఆ బృందము తయారుచేసెను. వానిలో నొకటియైన అమినాప్టెరిన్‌ను బోస్టను నగరమున సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చెను. పదునారుగురిలో పదిమందికి కొంతకాలము గుణము కనబడినదని 1948లో ప్రకటించెను. అది శాశ్వతమైన నివారణ కాదు. కాని అంతవరకు ఏ మందుకును లొంగని ఆ రోగము మందుకు లొంగునని మొదటిసారి తెలిసెను. ఆ జాతిదే యైన మెథోట్రెక్సేట్ నేటికిని క్యాన్సరుకును, కీళ్ళవాతమునకును వాడబడుచున్నది. సుబ్బారావుగారు పరిశోధనలకు అధిపతిగా నున్న కాలముననే, వారు తోడ్పాటునీయగా, బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును తీసెను. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అది మొదటిది.

1948 ఆగస్టు నెలలో సుబ్బారావుగారు నిదురలోనే కన్నుమూసిరి. అప్పటికి వారి వయస్సు ఏబది మూడేండ్లు. అమెరికాలో ఇంచుమించు పాతికేండ్లు నివసించినను ఆ దేశపు పౌరసత్వమును పొందలేదు. స్వతంత్ర భారతమును కన్నులార చూడలేదు. వారి గౌరవార్థము ఒక శిలీంధ్రమునకు సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టిరి. 1995లో శతజయంతి సందర్భమున భారత తపాలాశాఖ వారి చిత్రముతో బిళ్ళను వెలువరించెను.

మొన్నటివరకు మనము నల్లగొండ జిల్లా వారము. 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లా వారము. మన నేలకు ఫ్లోరైడు నీటి బాధ ఎట్టిదో ఇచ్చట ఎవరికిని చెప్పనక్కరలేదు. ఆ నీటిని పటిక, సున్నము, బ్లీచింగు పొడులతో శుద్ధిచేయు విధానమునకు నాగపూరునందలి పరిశోధన సంస్థవారు నల్లగొండ విధానమని మన జిల్లా పేరే పెట్టిరి. ఏ బావి నీటికి ఎంత పటిక, ఎంత సున్నము వేయవలెనో నిర్ణయించుటయు పాళ్ళ లెక్కయే. తక్కువైన విషము మిగులును. హెచ్చైన నీరు చెడును. కావున ఇది ఎక్కడనో అమెరికాలోని గాజుపాత్రలకు మాత్రమే చెందిన విద్య కాదు. మన యింటి బిందెకును చెందినది.

మన గ్రంథాలయమున సాయంకాలము వచ్చి కూర్చుండు విద్యార్థులలో రసాయన సమీకరణములు చూచి బెదరువారు, పరీక్ష ఒకసారి తప్పినవారు తప్పక ఉందురు. వారు ఈ చరిత్రను చదివిన పిమ్మట ఒక కాగితము తీసికొని, 211ని 18తో కూడి, 131ని 98తో కూడి, రెండును సరిపోవునో లేదో స్వయముగా చూచుకొందురు గాక. ఆ పిమ్మట ఎప్పుడైన లెక్క సరిపోకున్న, కాగితమును చింపివేయక, ఎక్కడ ఏది మిగిలినదో, ఏది మన కంట బడలేదో వెదకుదురు గాక. రెండుసార్లు పరీక్ష తప్పిన భీమవరపు బాలుడు అట్లు వెదకిన ఫలమును లోకము నేటికిని అనుభవించుచున్నది.